క్యాచ్ జారితే పేరు అడిగే జమానా

క్రికెట్ షౌక్ మన ఇళ్లలో కొత్తది కాదు. ఆ షౌక్‌కూ ఒక తారీఖ్ ఉంది. పిల్లలకు ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్పుకుందాం.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో భారత్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. ఆ రోజుల్లో అలాంటి ఖబర్ రేడియోలోనో, మర్నాటి అఖ్బార్‌లోనో రావాలి. 1984 డిసెంబరు 31న మొదలైన కలకత్తా టెస్టుతో అజహరుద్దీన్ వచ్చాడు. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు: 110, 105, 122. అప్పటికీ స్కోరు కావాలంటే రేడియో ఉన్న దుకాణం ముందు నలుగురితో కలిసి నిలబడాల్సిందే. ఖుషీ అయినా గమ్ అయినా ఆ నలుగురి మధ్యే.

అప్పుడు గుస్సా లేదా? ఉంది. 1996 మార్చి 9న బెంగళూరులో పాకిస్తాన్‌ను ఓడించినప్పుడు కెప్టెన్ అజ్జూ భాయే. నాలుగు రోజుల తర్వాత ఈడెన్ గార్డెన్స్ సెమీఫైనల్లో శ్రీలంక ముందు మనవాళ్లు కుప్పకూలారు. జనం మైదానంలోకి సీసాలు విసిరారు, స్టాండ్లలో నిప్పు పెట్టారు. మ్యాచ్ ఆపేసి శ్రీలంక గెలిచినట్టు ప్రకటించారు. పాకిస్తాన్‌తో మ్యాచ్ రోజు “మీరెటు?” అని మనల్ని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ సవాల్ గుచ్చుకునేది. అయితే అడిగినవాడి మొహం తెలుసు, ఇల్లు తెలుసు. ఈద్‌కు మన ఇంట్లో షీర్ ఖుర్మా తాగినవాడే. జవాబు ఎదురుగానే చెప్పేవాళ్లం.

తర్వాత స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. 2016లో జియో వచ్చి డేటా చవకైంది. అభిమాని గుస్సా తిన్నగా ఆటగాడి జేబులోకి చేరే దారి పడింది.

2021 అక్టోబరు 24న దుబాయ్‌లో పాకిస్తాన్ మనపై పది వికెట్ల తేడాతో గెలిచింది. అంటే మన బౌలర్లలో ఒక్కరికీ వికెట్ దక్కలేదు. కానీ ఇన్‌స్టాగ్రామ్‌లో ‘గద్దార్’ అనిపించుకున్నది మొహమ్మద్ షమీ. మజ్హబ్ పేరుతో మనిషిపై దాడి చేయడం కన్నా నీచం లేదని కెప్టెన్ కోహ్లీ తేల్చి చెప్పాడు. అంతే, ఆయన పసిబిడ్డ మీద కూడా ఆన్‌లైన్‌లో బెదిరింపులు వచ్చాయి. మరుసటి ఏడాది ఆసియా కప్‌లో క్యాచ్ వదిలిన అర్ష్‌దీప్ సింగ్‌ను ‘ఖలిస్తానీ’ అన్నారు.

ఇక మన గిరేబాన్‌లోకి కూడా తొంగి చూసుకోవాలి. 2025 మార్చి 4న, రంజాన్‌లో, ఆస్ట్రేలియాతో చాంపియన్స్ ట్రోఫీ సెమీఫైనల్ జరిగింది. షమీ మైదానంలో గొంతు తడుపుకున్నాడు. రోజా ఉండలేదని ఒక మౌలానా తప్పుపట్టారు, మనవాళ్లే ఆ వీడియోను ఫార్వర్డ్ చేశారు. ముసాఫిర్‌కు రోజా తర్వాత పూర్తి చేసుకునే రుఖ్సత్ ఉందని మదర్సా పిల్లవాడికీ తెలుసు. ఒకరికి అతను తక్కువ హిందుస్తానీ, ఇంకొకరికి తక్కువ ముసల్మాన్. పాపం, అతను వచ్చింది బౌలింగ్ చేయడానికి.

అదే ఏడాది ఆగస్టులో ఓవల్ టెస్టు. హ్యారీ బ్రూక్ 19 పరుగుల మీద ఉండగా మన సిరాజ్ క్యాచ్ పట్టి, బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ 111 కొట్టాడు. ఆ రాత్రి ఫోన్ తెరవాలంటే నాకు భయమేసింది. మర్నాడు సిరాజ్ ఆఖరి వికెట్ తీసి 6 పరుగులతో గెలిపించాడు. ఫోన్ నిండా ‘మియా భాయ్’ జయజయకారాలే. సంతోషించాను. కానీ రాత్రి ఆ భయం ఎందుకు? క్యాచ్ జారితే కౌమ్ మీద షక్, వికెట్ పడితే కౌమ్‌కు వఫాదారీ సర్టిఫికెట్. మన పిల్లలకు ఈ రెండూ వద్దు. ఒక ఆటగాడు బాగా ఆడాడు లేదా ఆడలేదు అని చెప్పుకునే హక్కు చాలు.

గీబత్ నోటితో చేస్తేనే గునా అనుకోకండి, వేలితో చేసినా గునాయే. ఈసారి మ్యాచ్ రోజు ఫోన్లన్నీ ఒక తష్తరీలో పెట్టి దస్తర్‌ఖాన్ దగ్గర అందరూ కలిసి చూడండి. తిట్టాలనిపిస్తే అక్కడే తిట్టుకోండి. దాదీ అమ్మ వింటుంటే హద్దు దాటలేరు.