పంజరములోని చిలుక

మన కథలలో చిలుకకున్న పెద్దరికము మరి యే పక్షికిని లేదు. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ ప్రాణము చిలుకలో దాగియున్నది. పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో కథలు చెప్పునది చిలుకయే. అమరుక కవి వర్ణించిన చిలుక మాత్రము ఇంటివారిని చిక్కులలో పెట్టినది. రాత్రి దంపతులాడుకొన్న మాటలను తెల్లవారి పెద్దల యెదుట వల్లించబోగా, కోడలు సిగ్గుపడి తన చెవికమ్మలోని కెంపును దానిమ్మగింజ యను మిషతో దాని ముక్కున పెట్టినదట. ఈ అమరుకమునకు శృంగారదీపిక యను వ్యాఖ్యను వ్రాసినవాడు 15వ శతాబ్ది తొలినాళ్ళలో కొండవీటి నేలిన పెదకోమటి వేమారెడ్డి. కనుక కృష్ణకు ఆవలి యొడ్డునను ఈ చిలుక పలుకులు విని నవ్వుకొన్న రసికులుండిరని చెప్పవచ్చును. అయితే ఆ చిలుక పంజరములోనికి ఎట్లు వచ్చెనో కవులెవ్వరును చెప్పలేదు.

ఆ సంగతిని కొంత పరదేశీయులు చెప్పిరి. పారశీక రాజాస్థానమున వైద్యుడుగా నుండిన క్టీసియస్ అను గ్రీకు, క్రీస్తుకు పూర్వము 400 ప్రాంతమున, హిందూదేశపు పక్షి యొకటి మనుష్యభాష మాటలాడుననియు, నేర్పినచో గ్రీకు కూడ మాటలాడుననియు వ్రాసెను. అలెగ్జాండరు నౌకాధిపతి నియర్కస్ చిలుకను చూచి ఆశ్చర్యపడెను. ఐదు వందల యేండ్లు గడచునప్పటికి ఆ యాశ్చర్యము తీరిపోయినది. తాను చిలుకలను ఎన్నింటినో చూచితిననియు, అవి అందరెరిగినవే గనుక వర్ణింపననియు ఆరియన్ వ్రాసెను. ఈ లోపల రోమునకు చిలుకలు అంతగా ఎగుమతియైనవన్నమాట. ప్లినీ వర్ణన మరింత స్పష్టము: ఒడలంతయు ఆకుపచ్చ, మెడకు మాత్రము ఎర్రని కంఠరేఖ. అది మన చిలుకయే. పలుకులు నేర్పునప్పుడు దాని తలపై ఇనుప కడ్డీతో కొట్టవలెననియు, లేనిచో దానికి దెబ్బ తెలియదనియు కూడ ఆయనయే వ్రాసెను. ముద్దుపలుకుల వెనుక ఇనుప కడ్డీ ఉన్న సంగతి రెండువేల యేండ్ల క్రిందటనే గ్రంథస్థమైనది.

మన డెల్టాలో చిలుక బ్రతుకు చెట్టుతొర్రలతో ముడివడియున్నది. అది స్వయముగా గూడు కట్టుకొనదు. కాలువగట్ల మీది మోడుతాళ్ళలోను, వడ్రంగిపిట్ట తొలిచి విడిచిన రంధ్రములలోను, పాత గోపురముల సందులలోను గ్రుడ్లు పెట్టును. జనవరి మొదలు ఏప్రిల్ వరకు పిల్లలకాలము. రైతునకు చిలుక మిత్రము కాదు. జొన్నచేలలో మంచెలు వేసి వడిసెలలు త్రిప్పినది ముఖ్యముగా దీని కొరకే. నూజివీటి మామిడితోటలవారికి దీనిపై నేటికిని కోపమే. అయినను రైతు చేనిలోనుండి తరిమినంతనే ఊరకొనును. పిల్లలు పట్టువాడట్లు ఊరకొనడు. ఈకలైన రాని కూనలను తొర్రలోనుండి తీసి, బుట్టలలో క్రిక్కిరియ పెట్టి పట్టణమునకు తెచ్చును. కూన వయసుదైతేనే మాట నేర్చునని కొనువారి నమ్మకము. ఆ బుట్టలో దినములకొలది త్రోవ నడచిన కూనలలో ఇల్లు చేరినవి కొన్నియే. చేరినవాటికి రెక్కల ఈకలు కత్తిరించుట పరిపాటి.

చిలుకజోస్యుని చిలుకయు ఇట్టిదే. చిన్న పెట్టె తలుపు తీయగనే బయటకు వచ్చి, వరుసగా పరచిన కార్డులలో నొకటి ముక్కుతో తీసి, వడ్లగింజ పుచ్చుకొని, తిరిగి పెట్టెలోనికి పోవును. బెజవాడ వీధులలో ఇది చూడని పెద్దవారుండరు. అది ఎగిరిపోదేమని పిల్లలు అడుగుదురు. కత్తిరించిన రెక్కలే సమాధానము. ఆ జోస్యుడును బీదవాడే, అతని కుటుంబమునకు ఆ పక్షియే ఆధారము. ఈ సంగతి మరచి అతనినొక్కనినే దోషిగా నిలుపుట మాకు న్యాయముగా తోచదు. కూనలను కొని అమ్మినవారు అతనికంటె పైమెట్టున నున్నారు.

చట్టము చిలుకదాక వచ్చుటకు చాల కాలము పట్టినది. 1912 నాటి వన్యపక్షి జంతు రక్షణ చట్టపు దృష్టి వేటపక్షులపైనను, ఈకల వర్తకమునకు బలియైన కొంగలు, పాలపిట్టలు, లకుముకిపిట్టలపైనను నిలిచినది. 1952లో రాజ్యసభకు నియుక్తురాలైన నర్తకి రుక్మిణీదేవి అరండేల్ జంతుహింసా నివారణకై స్వయముగా బిల్లు తెచ్చిరి. ప్రభుత్వమే చట్టము చేయునని నెహ్రూ హామీ ఇవ్వగా దానిని ఉపసంహరించుకొనిరి. ఆ హామీ 1960లో చట్టమైనది. కదలుటకు చోటు చాలని పంజరమున ప్రాణిని ఉంచుట దానిప్రకారము నేరము. తొలి నేరమునకు జరిమానా 10 మొదలు 50 రూపాయలు! పంజరము వెలయైన కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. అప్పటికిని లైసెన్సుపై చిలుకల వ్యాపారము సాగినది. 1991 సవరణతో గాని దేశీయ వన్యపక్షులను పట్టుట, అమ్ముట నిషిద్ధము కాలేదు. నేడు రామచిలుకను ఇంట పెంచుటయు నేరమేయని ఎరుగనివారు ఇంకను పెక్కురు కలరు.

అయితే పంజరములు ఖాళీగా మిగులలేదు. వాటిలోనికి ఆస్ట్రేలియా చిలుకలు వచ్చినవి. మన దుకాణములలో లవ్‌బర్డ్స్ అని పిలువబడునవి చాలవరకు బడ్జీలే. నిజమైన లవ్‌బర్డ్స్ ఆఫ్రికా పక్షులు. బడ్జీలను ప్రాణములతో 1840లో ఇంగ్లండుకు తెచ్చినవాడు జాన్ గౌల్డ్. బోనులో సులభముగా పిల్లలను పెట్టుటయే వాటికి శాపమైనది. కుండను ఏడాది పొడవునను వ్రేలాడదీసినచో పెట్ట ఒక ఈత వెనుక మరొక ఈత పెట్టి, సున్నము తరిగి, గ్రుడ్డు అడ్డుపడి చచ్చును. తెలిసినవారు ఏడాదికి రెండు ఈతలు కాగానే కుండను తీసివేయుదురు, సముద్రఫేనము కొరుకనిత్తురు, ఒకే తల్లి పిల్లలను జతకట్టరు. దుకాణదారులలో ఇట్టివారు లేకపోలేదు. కాని రేకుల కప్పు క్రింద, 45 డిగ్రీల యెండలో, ఒక్క బోనున ముప్పది పక్షులను కుక్కి అమ్మువారును కలరు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఈ యూరిని బ్లేజ్‌వాడ అనిరని చెప్పుదురు. ఆ మాటలోని చమత్కారము పక్షులకు తెలియదు. 2018లో వచ్చిన కేంద్ర నిబంధనలు పెంపుడుజంతువుల దుకాణము రాష్ట్ర జంతు సంక్షేమ మండలివద్ద నమోదు కావలెననియు, బోనుకు తగిన కొలత, పుస్తకములలో లెక్క, పశువైద్యుని చూపు ఉండవలెననియు విధించినవి. కొనువారు ఆ నమోదు పత్రమును అడుగవచ్చును.

చల్లని దేశముల ప్రాణుల గతి మరింత కష్టము. మెక్సికో నగరపు షోచిమిల్కో కాలువలలో పుట్టిన ఆక్సొలాటల్ అను జలచరమునకు నీరు 20 డిగ్రీలు దాటకూడదు. 1860లలో పారిస్‌కు తెచ్చిన కొన్నింటి సంతతి లోకమంతట ప్రయోగశాలలలోను, గాజుతొట్లలోను పెరుగుచున్నది. స్వస్థలమున అది అంతరించు దశకు వచ్చినది. అట్టి విదేశీ ప్రాణులను పెంచువారు వివరములు నమోదు చేయించుకొనవలెనని 2022 సవరణ చెప్పుచున్నది.

ఇంట నిప్పటికే రామచిలుక ఉన్నవారు భయపడి దానిని పంజరము తెరచి విడిచిపెట్టరాదు. కత్తిరించిన ఈక రాలి క్రొత్త ఈక వచ్చువరకు అది ఎగురలేదు. కాకులకో పిల్లులకో చిక్కును. అటవీశాఖ వారికి అప్పగించినచో రెక్క వచ్చువరకు చూడగలరు. ఏండ్ల తరబడి మనుష్యులమధ్య పెరిగిన చిలుక తానై మేత వెదకుకొనుటకు మరికొంత కాలము పట్టును.