కాడ్మియం

కాడ్మియం వెండిలా మెరిసే మెత్తని లోహం. పరమాణు సంఖ్య 48. 1817లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ స్ట్రోమయర్ దీన్ని జింకు కార్బనేట్‌లో కనిపెట్టాడు. దీనికోసం విడిగా ఎవరూ గనులు తవ్వరు. జింకు ఖనిజాన్ని శుద్ధి చేసేటప్పుడు ఉపోత్పత్తిగా వస్తుంది.

దీనికి అతిపెద్ద గిరాకీ తెచ్చింది నికెల్-కాడ్మియం బ్యాటరీ. స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ 1899లో దాన్ని రూపొందించాడు. ఉక్కుకు తుప్పు పట్టకుండా పూత, పసుపు, ఎరుపు రంగులు, కాడ్మియం టెల్లురైడ్ సౌర ఫలకాలు మిగతా ముఖ్య ఉపయోగాలు. తెలుగు ఇళ్లకు మాత్రం ఇది నగల షాపుల 'కేడీఎం'గానే పరిచయం. కాడ్మియం కలిపిన టంకంలో 92 పాళ్ల దాకా బంగారమే ఉంచవచ్చు కాబట్టి అతుకులవల్ల నగ స్వచ్ఛత తగ్గదు. చిక్కల్లా కంసాలికే. కాడ్మియం 321 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి, 767 వద్దే మరుగుతుంది. మంట సోకగానే ఆవిరై, గాలి తగిలి ఆక్సైడు పొగగా మారి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. హాల్‌మార్క్ నగల్లో కాడ్మియంను భారతీయ ప్రమాణాల సంస్థ అనుమతించదు.

ఆవిరయ్యే ఈ గుణమే కార్ఖానాల పొగ గొట్టాల దగ్గరా ఇబ్బంది పెడుతుంది. లోహాలు కరిగించే కొలుములు, బొగ్గు, చెత్త మండించే ప్లాంట్ల నుంచి కాడ్మియం సన్నని ధూళిగా బయటపడి దూరాన నేల మీద వాలుతుంది. ఫాస్ఫేట్ ఎరువులు దాన్ని నేరుగా పొలానికే మోసుకొస్తాయి. కొన్ని రాక్ ఫాస్ఫేట్ నిక్షేపాల్లో అది సహజంగానే ఉండటం ఇందుకు కారణం.

వరి మడిలో నీరు నిలిచి ఉన్నంతకాలం కాడ్మియం గంధకంతో కలిసి కరగని సల్ఫైడుగా మట్టిలోనే ఉండిపోతుంది. నీళ్లు తీసి మడి ఆరగట్టాక గాలి సోకి కరిగే రూపంలోకి మారుతుంది, వేళ్ల గుండా గింజకు ఎక్కుతుంది.

జపాన్‌లోని తోయామా ప్రాంతంలో జరిగిందీ ఇదే. మిత్సుయి సంస్థకు చెందిన కామియోకా గని వ్యర్థాలు జింజు నదిలో కలిశాయి. ఆ నీటితోనే పొలాలు పండించారు. ముఖ్యంగా నడివయసు దాటిన స్త్రీలకు మూత్రపిండాలు చెడి, ఎముకలు మెత్తబడ్డాయి. ఎముకలు తేలిగ్గా విరిగిపోయేవి. నొప్పితో వాళ్లు 'ఇతాయ్, ఇతాయ్' అని మూలిగేవారు. జబ్బుకు 'ఇతాయ్-ఇతాయ్' అన్న పేరే స్థిరపడింది. 1968లో జపాన్ ప్రభుత్వం దీన్ని కాలుష్య వ్యాధిగా గుర్తించింది. కోర్టుల్లో బాధితులే గెలిచారు.

ఒంట్లో చేరిన కాడ్మియం మూత్రపిండాల్లో దశాబ్దాల పాటు తిష్ఠ వేస్తుంది. పొగాకు మొక్క కూడా దీన్ని ఆకుల్లో పోగు చేసుకుంటుంది కనుక పొగతాగేవారి రక్తంలో మోతాదు ఎక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఐరోపా సమాఖ్య 2006 నుంచి ఎలక్ట్రానిక్ పరికరాల్లోని ఒక్కో పదార్థంలో కాడ్మియం 0.01 శాతం మించకూడదని పరిమితి పెట్టింది. భారత ఈ-వ్యర్థాల నిబంధనల్లోనూ అదే హద్దు ఉంది.