పాడైన మిక్సరు పలికించిన గిటారు

సర్వీసు పొడుగునా ఇంజన్లలో గరగర ఎక్కడుందో పట్టుకుని పోగొట్టటమే నా పని. అలాంటిది, మొన్న ఆటోనగర్‌లో మా అబ్బాయి షెడ్డులో మనవడు గిటారును ఓ చిన్న డిజిటల్ పెట్టెకు తగిలించి, శుభ్రమైన స్వరాన్ని గరగరలాడించాడు. "పాత రికార్డులో ఇట్లాగే ఉంటుంది తాతయ్యా" అన్నాడు.

దాని పుట్టుక వింటే మన మెకానిక్ మిత్రులకు నవ్వొస్తుంది. 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ'ని అమెరికాలో నాష్‌విల్‌లో రికార్డు చేస్తుండగా మిక్సరులో ఓ ట్రాన్స్‌ఫార్మరు చెడింది. గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటారు బొంగురుపోయింది. విచిత్రం, దాన్ని అలాగే ఉంచేశారు! ఆ తరువాత ఇంజనీరు గ్లెన్ స్నాడీ ట్రాన్సిస్టర్లు పెట్టి అదే చెడు మోతను మళ్ళీ రప్పించాడు. గిబ్సన్ కంపెనీ 1962లో దాన్ని 'మాస్ట్రో ఫజ్-టోన్' పేరుతో అమ్మకానికి పెట్టింది. 1965లో రోలింగ్ స్టోన్స్ వారి 'శాటిస్‌ఫాక్షన్'తో లోకమంతా విన్నది.

కిటుకు ఒకటే. మోయలేనంత సిగ్నల్ ఇస్తే శబ్ద తరంగం కొసలు తెగిపోతాయి. ఈ పెట్టె గిటారు మోతను సెకనుకు 40 వేలకు పైగా సార్లు కొలిచి, అంకెలుగా మార్చి, ఆ కొసలను లెక్క కట్టి కోస్తుంది.

పాత రికార్డు పెట్టించుకుని విన్నాను. మనవడి మోత మరీ నున్నగా ఉంది.

"ఇంకాస్త చెడగొట్టరా" అన్నాను.