మార్షల్ దీవులు – అణ్వస్త్ర నిరాయుధీకరణము

పసిఫిక్ మహాసముద్రమున పగడపు దిబ్బలపై వెలసిన యీ చిన్న గణతంత్రము, తాను అణ్వస్త్రములు లేనిదయ్యును, వాని దారుణమును స్వదేహముననే అనుభవించినది గావున, నిరాయుధీకరణమును గూర్చి దీని వాక్కునకు మహారాజ్యములకును లేని నైతికబలము కలదు. 1946 మొదలు 1958 వరకు అమెరికా యిచట 67 అణుపరీక్షలు జరిపెను. 1954 మార్చి 1న బికినీలో ప్రేల్చిన 15 మెగాటన్నుల ‘బ్రావో’ ఉదజని బాంబు వలన రేగిన తెల్లని బూడిద రోంగెలాప్ దీవిపై కురియగా, పిల్లలు దానితో ఆడుకొనిరి. నాడే వారికి వాంతులును, చర్మమున మంటలును మొదలయ్యెను. ఆ జనులను తరలించుటలో జరిగిన రెండు దినముల జాగు క్షమింపరానిది.

నాడు తాతతో చేపలు పట్టుచు ఆ ప్రేలుడు వెలుగును జూచిన తొమ్మిదేండ్ల బాలుడు టోనీ డిబ్రమ్, విదేశాంగమంత్రియైన పిమ్మట, 2014 ఏప్రిల్ 24న తొమ్మిది అణ్వస్త్ర రాజ్యములపై తన దేశముచే హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానమున వ్యాజ్యములు వేయించెను. కోరినది నష్టపరిహారము గాదు; 1968 నాటి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక సంధి 6వ అధికరణము విధించినట్లు నిరాయుధీకరణ చర్చలు సద్భావముతో సాగవలెనని మాత్రమే; సంధిలో చేరని భారతదేశము వంటి వానికిని ఆచారసిద్ధమైన అంతర్జాతీయ న్యాయముచే ఆ బాధ్యత కలదని మార్షల్ దీవుల వాదము. న్యాయస్థానపు అధికారమునకు ముందే తలయొగ్గిన భారత, పాకిస్తాన్, బ్రిటన్‌లపైనే విచారణ సాగెను. 2016 అక్టోబరు 5న, ఉభయుల నడుమ వివాదమే లేదను కారణమున, మూడును త్రోసివేయబడెను. బ్రిటన్ వ్యాజ్యమున న్యాయమూర్తులు ఎనమండుగురు చొప్పున చీలగా, అధ్యక్షుని నిర్ణాయక మతముచే తీర్పు తేలెను.