దళం, నాయకత్వం, ఆకలి: నల్లగొండ సాయుధ పోరాటం - ఒక పరిశీలన

తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో నాయకత్వం గురించి లభించినంత వివరణ దళ సభ్యుల నిత్యజీవితం గురించి లభించదు. 1946 జులై 4న నాటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత, గుత్పలు, వడిసెలలతో సాగిన ప్రతిఘటన భీమిరెడ్డి నరసింహారెడ్డి వంటివారి సారథ్యంలో గెరిల్లా యుద్ధంగా రూపుదిద్దుకుంది. దానికి ఊరే ఆధారం. అన్నం, ఆశ్రయం, శత్రువు ఆచూకీ అక్కడినుండే అందేవి. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు ప్రవేశించాక ఆ ఆధారం తెగింది. మైదానంలో నిలవలేని దళాలు మహబూబ్‌నగర్ వైపు నల్లమలకూ, గోదావరి అడవులకూ తరలాయి. అక్కడ తుపాకీ కన్నా తిండి పెద్ద సమస్య అయింది.

స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో, దళ రక్షణ కోసం పసిబిడ్డను పరులకు అప్పగించవలసి వచ్చిన తల్లి కథనం ఉంది. ఆ నిర్ణయంలో నాయకత్వపు బాధ్యత ఎంత? మన పరిశోధన (నాదీ మినహాయింపు కాదు) ఈ ప్రశ్నను దాటవేస్తూ వచ్చింది. పోరాటం కొనసాగింపుపై రావి నారాయణరెడ్డికీ, పుచ్చలపల్లి సుందరయ్య వంటి నాయకులకూ మధ్య వచ్చిన భేదాభిప్రాయాలను మాత్రం పుటలకొద్దీ చర్చించాం. 1951 అక్టోబరు 21న విరమణ ప్రకటన వెలువడే వరకు ఆ వాదం సాగినంత కాలమూ దళాలు అడవిలోనే ఉన్నాయి.