నారు కుండీల పాచి

నారు కుండీల పాచి అనగా విత్తనాలు మొలకెత్తించిన కుండీలలోను, నారు ట్రేలలోను మట్టి పైభాగాన పచ్చని పొరగా పెరిగే సూక్ష్మ శైవలాల సముదాయం. వాడుకలో దీనిని పాచి అనీ, నాచు అనీ పిలుస్తారు. ఇది తెగులు కాదు. మొక్క వేళ్ళలోనికి గాని, కాండంలోనికి గాని చొచ్చుకొనిపోదు. మొక్క నుండి ఆహారాన్ని గ్రహించదు. తనకు కావలసిన ఆహారాన్ని కిరణజన్య సంయోగక్రియ ద్వారా తానే తయారు చేసుకుంటుంది. అయినప్పటికీ నారు పెంచేవారు దీనిని ఉపేక్షించరాదు. మట్టి పైపొర ఎన్నడూ ఆరడం లేదని ఇది తెలియజేస్తుంది. నారును నిజంగా చంపే నారుకుళ్ళు తెగులుకు కూడా ఆ తడే అనుకూలం.

గుర్తింపు

నాచు అనే మాట చెరువులలోని శైవలాలకూ, వానాకాలంలో గోడలపై పెరిగే బ్రయోఫైటా మొక్కలకూ కూడా వాడుకలో ఉన్నందున కొంత అయోమయం ఏర్పడుతుంది. కుండీ మట్టిపై మొదట కనిపించేది సాధారణంగా శైవలమే. ఇది పచ్చరంగు పూసినట్లుగా మట్టికి అంటుకొని ఉంటుంది, తాకితే జారుతుంది. దగ్గరగా చూస్తే చిన్న చిన్న ఆకుల వంటి భాగాలు కనిపించినచో అది బ్రయోఫైటా నాచు. నల్లగా గాని, నీలి ఆకుపచ్చగా గాని జిగురు పొర ఏర్పడితే అది సయనోబాక్టీరియా కావచ్చు. పూర్వం వీటిని నీలి ఆకుపచ్చ శైవలాలు అనేవారు గాని, ఇవి నిజానికి బాక్టీరియాలు.

శైవలాలు

తడి మట్టిపై తరచుగా కనిపించే ఆకుపచ్చ శైవలాలలో క్లోరెల్లా, క్లోరోకాకమ్, క్లెబ్సార్మిడియం ప్రజాతులు ముఖ్యమైనవి. వీటిలో క్లెబ్సార్మిడియం శాఖలు లేని సన్నని పోగులుగా పెరుగుతుంది. ఇది నేలపై పెరిగే మొక్కలకు దగ్గరి బంధువు. 2014లో ప్రచురితమైన దాని జన్యుపటంలో, నేల మొక్కలకే ప్రత్యేకమని భావించిన జన్యువులు అనేకం కనిపించాయి. అనగా కుండీలో మొలకకూ, దాని చుట్టూ ఉన్న పాచికీ దూరపు చుట్టరికం ఉన్నదన్నమాట. దక్షిణ భారతదేశపు తడి నేలలపై పెరిగే ఫ్రిషియెల్లా అనే ఆకుపచ్చ శైవలాన్ని మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన ఎం.ఓ.పి. అయ్యంగార్ 1932లో వర్ణించాడు.

మట్టిని ఎండబెట్టినంత మాత్రాన శైవలాలు నశించవు. దశాబ్దాల తరబడి నిలవ ఉంచిన ఎండు మట్టి నమూనాల నుండి కూడా శైవలాలు తిరిగి పెరిగినట్లు ఇంగ్లాండుకు చెందిన మ్యూరియెల్ బ్రిస్టల్ 1919లో ప్రకటించింది. కనుక పెరటిలో ఎండిన మట్టిని తెచ్చి కుండీ నింపినా పాచి రావచ్చు. గాలిలోని ధూళి, చెరువు నీరు, కడగకుండా తిరిగి వాడిన ట్రేలు కూడా దానిని చేరవేస్తాయి. పూర్తిగా రాకుండా చేయడం ఆచరణలో సాధ్యం కాదు. పెరగకుండా చేయడమే సాధ్యం.

పెరుగుటకు కారణాలు

ఎడతెగని తడి, వెలుతురు, పోషకాలు ఒకేచోట కలిసినప్పుడు పాచి పెరుగుతుంది. నారు కుండీలో ఈ మూడూ ఉంటాయి. మొలకలు చిన్నవిగా ఉన్నప్పుడు ఆకుల నీడ మట్టిపై పడదు. వేళ్ళు తీసుకొనే నీరు కూడా స్వల్పమే. మెల్లగా ఎదిగే మిరప నారులో ఈ దశ ఎక్కువ రోజులు ఉంటుంది. ప్రోట్రేలలో నింపే కొబ్బరి పొట్టు నీటిని బాగా పట్టి ఉంచుతుంది. దానిపై రోజుకు రెండు మూడు సార్లు నీరు చల్లితే పైభాగం ఆరడానికి వ్యవధి ఉండదు. మొదటి ఆకులు విచ్చకముందే ఎరువు నీరు పోయడం వలన ఆ నత్రజని, భాస్వరాలు మొలకకంటె ముందు పాచికే అందుతాయి.

షేడ్‌నెట్ విషయంలో రెండు వైపులా ఆలోచించవలసి ఉంటుంది. అది వెలుతురును తగ్గిస్తుంది గాని, మట్టి ఆరడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. నీడ చాలినంత ఉన్నా గాలి ఆడని చోట పాచి రావడానికి ఇదే కారణం.

నష్టం

పలుచని పొర వలన మొక్కకు చెప్పుకోదగ్గ హాని లేదు. పొర మందమై ఎండినప్పుడు మాత్రం మట్టిపై పెచ్చు కడుతుంది. పోసిన నీరు దానిపై నుండి కుండీ అంచులకు జారిపోతుంది. పైన పచ్చగా, తడిగా కనిపిస్తున్నా వేళ్ళ వద్ద మట్టి పొడిగా ఉండవచ్చు. సన్నని విత్తనాలు ఆ పెచ్చును చీల్చుకొని రాలేవు.

పాచిని తిని పెరిగే షోర్ ఫ్లై అనే చిన్న ఈగలు కుండీల చుట్టూ చేరుతాయి. వీటి పిల్లపురుగులు సాధారణంగా వేళ్ళ జోలికి పోవు గాని, పెద్ద ఈగలు పితియం వంటి శిలీంధ్రప్రాయ జీవులను ఒక కుండీ నుండి మరొక కుండీకి మోయగలవు. అదే తడి మట్టిలో పెరిగే ఫంగస్ నాట్ పిల్లపురుగులు (నల్లని తల, పారదర్శకమైన శరీరం) లేత వేళ్ళను నేరుగా కొరుకుతాయి.

మొలక కాండం మట్టిని తాకే చోట మెత్తబడి, సన్నబడి, మొక్క ఒరిగిపోతే అది నారుకుళ్ళు. దానికి పాచిని నిందించరాదు. తెగులుకు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయడం పరిపాటి. ఒట్టి పాచి కనిపించిన ప్రతిసారీ ఇదే మందు పోస్తే చిన్న కుండీలో రాగి పేరుకొని లేత వేళ్ళకే హాని కలుగుతుంది. తడి తగ్గనంతవరకు పాచి మళ్ళీ వస్తూనే ఉంటుంది.

నివారణ

అన్నిటికంటె ముఖ్యమైనది నీరు పెట్టే పద్ధతిని మార్చడం. పైపొర ఆరిన తరువాతనే, వీలైతే ఉదయం పూట, నీరు పెట్టాలి. కుండీని నీటి పళ్ళెంలో కొంతసేపు ఉంచి, అడుగు నుండి తడి అందిన వెంటనే తీసివేయడం మరొక పద్ధతి. రోజంతా పళ్ళెంలోనే వదిలివేస్తే తడి పైదాకా ఎక్కి ప్రయోజనం ఉండదు. విత్తనాలు నాటిన తరువాత పైన ముతక ఇసుక గాని, వర్మిక్యులైట్ గాని పలుచగా పరిస్తే పైభాగం త్వరగా ఆరుతుంది. ప్రోట్రేలపై కప్పిన పాలిథీన్ షీటును మొలకలు కనిపించగానే తొలగించాలి. వెలుతురు చొరబడే తెల్లని ప్లాస్టిక్ కప్పులలో పాచి లోపలి గోడలకు కూడా పడుతుంది కనుక నల్లనివి మేలు.

ఇప్పటికే పెచ్చు కట్టినచో పుల్లతో మెల్లగా గుల్లచేసి, పొడి ఇసుక చల్లవచ్చు. చెంచాతో గీకి తీసేటప్పుడు పైపైన ఉన్న లేత వేళ్ళు తెగకుండా చూసుకోవాలి. ఇళ్ళలో బూడిద చల్లే అలవాటు ఉన్నది; బూడిద క్షారగుణం కలది గనుక చిన్న కుండీలో మట్టి స్వభావాన్ని మార్చివేసే ప్రమాదం ఉంది.

నత్రజని స్థాపన

వరి మడులలోని నీలి ఆకుపచ్చ శైవలాలు నత్రజనిని స్థాపిస్తాయని పి.కె. డే 1939లో నిరూపించాడు. దీనిని బట్టి కుండీలోని పచ్చని పాచి కూడా ఎరువుగా పనిచేస్తుందని భావించడం సరికాదు. ఆ శక్తి కొన్ని సయనోబాక్టీరియాలకే ఉన్నది, ఆకుపచ్చ శైవలాలకు లేదు. నారును పొలంలో గాని, పెద్ద కుండీలో గాని నాటేటప్పుడు పాచిని కడిగివేయనవసరం లేదు. మట్టి కప్పబడి వెలుతురు అందనప్పుడు దాని పెరుగుదల ఆగిపోతుంది.