నౌపడ–గుణుపురం రైలు: ఆపినప్పుడు లేని లెక్క

దువ్వాడలో చదువుకుంటూ, పని చేసుకుంటూ ఉంటున్న మనలో పాతపట్నం, మెళియాపుట్టి వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. పండక్కి ఊరెళ్లాలంటే విశాఖ స్టేషన్‌కి పోయి గుణుపురం ప్యాసింజర్ ఎక్కుతాం. ఆ లైను ఏడేళ్లు మూతపడి ఉందని మన జూనియర్లలో చాలామందికి తెలీదు.

1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి తమ ఊరిదాకా చిన్న రైలు వేయించారు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. మొదట్లో అంతా నష్టమే. 1924–25 తర్వాత గానీ లాభాలు బాగా పెరగలేదు. అంటే పాతికేళ్లు ఓపిక పట్టారన్నమాట! ఆ ధైర్యంతోనే 1929, 1931లలో రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించారు. పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తిగారి సవర వ్యాకరణం అచ్చయింది కూడా 1931లోనే. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు, పాతపట్నం ఇటు అయ్యాయి. సవరలు రెండు వైపులా మిగిలారు, రైలు మాత్రం రెండు వైపులా తిరిగింది.

2004 జూన్‌లో బ్రాడ్‌గేజ్ చేస్తామని చిన్న రైలు ఆపేశారు. 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా పెద్ద రైలు వచ్చింది. చిన్న రైలైతే నౌపడలో దిగి బండి మారాలి. ఇప్పుడు ఎక్కినవాళ్లం నేరుగా విశాఖలోనే దిగుతున్నాం. తర్వాత పూరి బండి, రూర్కెలా రాజ్యరాణి కూడా గుణుపురం దాకా వచ్చాయి. పాత చిన్న రైలు టికెట్లు లెక్కపెట్టి చూస్తే ఈ జనం కనపడేవారా? విశాఖలో చదవాలనుకున్న పిల్ల ఆ లెక్కలో ఎక్కడుంటుంది?

ఇది మన దగ్గరే కాదు. స్కాట్లాండ్‌లో 1969లో మూసేసిన బోర్డర్స్ లైనులో కొంతభాగం 2015లో తెరిచారు. ఏడాదికి సుమారు ఆరున్నర లక్షల ప్రయాణాలు అనుకుంటే మొదటి ఏడాదే పది లక్షలు దాటాయి. అరకు లైను సంగతి చూడండి. ఇనుప ఖనిజం కోసం వేసిన లైనది. 2017లో అద్దాల బోగీ పెడితే టూరిస్టులు ఎగబడ్డారని అందరూ ఆశ్చర్యపోయారు. అదే బండి జనరల్ బోగీలో మనోళ్లు ఎన్నేళ్లుగా నిలబడి వెళ్తున్నారో చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు లెండి.

2020 మార్చిలో కరోనాకి ప్యాసింజర్లన్నీ ఆగిపోయాయి. మళ్లీ వచ్చినప్పుడు స్పెషల్ అని పేరు పెట్టారు. బోగీలు అవే, ఆగే ఊళ్లూ దాదాపు అవే, కనీస టికెట్ మాత్రం 10 రూపాయల నుంచి 30 అయింది. మళ్లీ 10కి దిగింది 2024 ఫిబ్రవరిలో. అప్పటిదాకా టెంబూరులో ఎక్కి టెక్కలిలో దిగే పిల్లాడైనా ముప్పై ఇవ్వాల్సిందే.